గాజులో సాగిన బంగారం

లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని లైకర్గస్ పాత్ర నాలుగో శతాబ్దపు రోమన్ పనితనం. బయటి వెలుగులో ఆకుపచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో చిక్కుకున్న బంగారం, వెండి నానో రేణువుల మహిమ అది. అలాంటి రేణువుల రూపాన్ని, గాజు పగలగొట్టకుండానే మార్చవచ్చన్న సంగతి నా మనసును వదలడం లేదు.

సిలికా గాజులోని బంగారు రేణువుల మీదికి బరువైన అయాన్ల పుంజాన్ని మహావేగంతో పంపుతారు. (ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో మనకూ అలాంటి పుంజాలున్నాయి.) ఒక్కో అయాను దారి పొడవునా ఎలక్ట్రాన్లను కుదిపేస్తుంది. కొన్ని నానోమీటర్ల మేర, సెకనులో లక్ష కోట్లవ వంతుల లెక్కన కొలిచే కాలంలో, పదార్థం కరిగి మళ్లీ గడ్డకడుతుందని అంచనా. ఎన్నో అయాన్లు అదే చోటు దాటాక గుండ్రటి రేణువు పుంజం దిశలో కడ్డీలా సాగుతుంది. మరీ చిన్నవి గాజులో కలిసిపోతాయి. మరీ పెద్దవి అంతగా లొంగవు.

నన్ను కట్టిపడేసేది గాజు తీరు. అది పుంజానికి అడ్డంగా విస్తరిస్తుంది, లోహమేమో పుంజం వెంటే సాగుతుంది! అలా సాగిన రేణువు, కాంతి తరంగం ఏ దిశలో ఊగుతోందన్నదాన్ని బట్టి, వేర్వేరు రంగులను పీల్చుకుంటుంది.