లాడ్ బజార్ వెనుక గల్లీలో

చార్మినార్ నుంచి పడమటి వైపుగా సాగే ఆ వీధిలో సంధ్యవేళ అడుగుపెట్టినవారి కళ్లు కొంతసేపు మిరుమిట్లు గొలుపుతాయి. దుకాణాల్లో వరుసలు తీరిన లక్కగాజుల మీద దీపకాంతి పడి వీధి వీధంతా మెరుస్తుంది. లాడ్ బజార్ అన్న పేరు లక్క నుంచి వచ్చిందని కొందరు, గారాబమని అర్థమిచ్చే ‘లాడ్’ నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. నిఖా కుదిరిన ఇంటివారికి ముందుగా గుర్తుకువచ్చే బజారు ఇది. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే నేను ఆగిన ప్రతి దుకాణంలోనూ గల్లాపెట్టె ముందు కూర్చున్నది పురుషుడే. గాజులకు మెరుపునిచ్చే చేతులు ఎక్కడున్నాయో చూడాలనిపించి, పరిచయస్థురాలి వెంట వెనుక గల్లీలోకి నడిచాను.

ఒకే గది ఇల్లు. గుమ్మానికి పాత పరదా. సలాం చెప్పి లోపలికి వెళ్లాను. అరవై ఏళ్లు దాటిన ఆ ఇంటి ఇల్లాలిని గల్లీలో అందరూ ఖాలా అనే పిలుస్తారు. ఎదుట బొగ్గుల కుంపటి, దానిమీద ఇనుప రేకు. లక్క వేడికి మెత్తబడుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే రాయి పొదగాలి. ఆలస్యమైతే గట్టిపడుతుంది, తొందరపడితే రాయి మునిగిపోతుంది. ఖాలా ఒక్కొక్క రాయినీ చిన్న సూదిమొనతో ఎత్తి, వరుస తప్పకుండా అద్దుతూనే నాతో మాట్లాడింది. వేలి కొసలు కాయలు కాచి నున్నబడ్డాయి. “నిప్పు ఇప్పుడు తెలియదు బేటీ, కంటిచూపే తెలుస్తోంది” అన్నది.

లక్క, రాళ్లు, గాజు చట్రాలు అన్నీ దుకాణదారు పంపినవే. ఆమెకు దక్కేది పొదిగిన గాజుల లెక్కన కూలి. ఇంట్లో జబ్బో పెళ్లో వస్తే అతడే పేషగీ ఇస్తాడు, తరువాత కూలిలో కోసుకుంటాడు. అతనిని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. “కష్టంలో ఆదుకున్నవాడు” అన్నది. నిజమే. కాని ఆ పేషగీ తీరేవరకు మరొకరి పని పట్టడానికి లేదు, కూలి పెంచమని నోరు తెరవడానికీ లేదు.

నాకు బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామం గుర్తుకువచ్చింది. 1976లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ముహమ్మద్ యూనుస్ అక్కడ వెదురు పీటలు అల్లే ఒక స్త్రీని చూశారు. వెదురుకు డబ్బిచ్చిన వ్యాపారికే, అతడు కట్టిన ధరకే ఆమె పీటలు అమ్మాలి. ఆ ఊరిలో అటువంటి అప్పుల్లో ఉన్న 42 మందికి కావలసిన మొత్తం 27 డాలర్లేనని తేలింది. ఆయన తన జేబులోంచి ఇచ్చారు. గ్రామీణ బ్యాంకుకు అదే నాంది. మనిషిని కట్టిపడేసిన తాడు అంత సన్ననిదన్నమాట!

ఆ మార్గమే మన నేలకు వచ్చేసరికి మరో రూపం దాల్చింది. సూక్ష్మరుణ సంస్థలు పోటీపడి ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చాయి. వారం వారం గుమ్మం ముందు వసూళ్లు, ఒకరు కట్టకపోతే బృందమంతటికీ అవమానం. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసివచ్చింది. ఆ రోజులు ఈ గల్లీ మరచిపోలేదు.

ఖాలాకు బ్యాంకు ఖాతా ఉంది. పాస్‌బుక్కు తీసి చూపింది. అందులో పింఛను వస్తుంది, పోతుంది. పూచీ లేకుండా ముద్ర రుణం దొరుకుతుందని ఎవరో చెబితే ఒకసారి వెళ్లిందట. కాగితాలు తెమ్మన్నారు, వ్యాపారం ఎక్కడ అని అడిగారు. కుంపటిని చూపి వ్యాపారమంటే ఎవరు నమ్ముతారు? పైగా వడ్డీ అంటే ఆమెకు జంకు. నగరంలో వడ్డీ లేని రుణమిచ్చే సంస్థలు లేకపోలేదు గాని, చాలాచోట్ల బంగారం కుదువపెట్టాలి.

“మీ మహర్ బంగారం లేదా?” అని అడిగాను. ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. “మాఫ్ చేశాను” అన్నది. ఎప్పుడని అడిగితే, భర్త జనాజా లేవబోయే ముందు పెద్దలు అడిగారని చెప్పింది.

ఆ గదిలో నాకు ఊపిరి ఆడలేదు. స్త్రీ ఇష్టపూర్వకంగా వదులుకుంటే తప్పులేదన్నది నిజమే. శవపేటిక ఎదుట అడిగినదాన్ని ఇష్టమనగలమా? హజ్రత్ ఖదీజా (రజి) తన సొంత సరుకును సిరియాకు పంపి వ్యాపారం చేసిన సంగతి మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. అన్‌నిసా సూరా స్త్రీ సంపాదన స్త్రీదేనన్నదీ చెప్పుకుంటాం. ఆమెకు మొదటి పెట్టుబడి కావలసిన మహర్ మాత్రం నిఖానామాలో అంకెగానే మిగిలిపోతోంది. బ్యాంకుల తలుపులు మూసి ఉన్నాయని నేను ఇంతకాలం రాస్తూ వచ్చాను. ఈ తలుపు గురించి ఎన్నడూ రాయలేదు.

లేవబోతుంటే ఖాలా మంచం కిందినుంచి ఒక రేకు డబ్బా లాగింది. అందులో పన్నెండు జతల గాజులున్నాయి. మొహల్లా స్త్రీలు తమలో తాము వేసుకున్న చిట్టీలో తన వంతు వచ్చినప్పుడు బేగం బజారులో సరుకు కొనుక్కుని చేసినవట. బజారులో ఇవ్వదు, ఇరుగుపొరుగు పెళ్లిళ్లకు కోడలు తీసుకువెళ్తుంది. నేను ఆకుపచ్చ జత ఒకటి తీసుకున్నాను. ధర ఎంతని అడిగితే ఆమె నా ముఖంలోకి చూసి, కాసేపు ఆలోచించి, తానే చెప్పింది. నేను బేరమాడలేదు.

చిట్టీలో ఆమె తదుపరి వంతు రంజాన్ తరువాత వస్తుంది. అప్పటికి కళ్లద్దాలు మార్పించుకోవాలా, లక్క కొనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.