ఆ ప్రొపెల్లర్ ఏ కంపెనీది అని అడిగినవాళ్ళకి



మొన్న నేను పెట్టిన ఫోటో చూసి చాలామంది "తమ్ముడూ, ఆ నల్ల ఫ్యాన్ ఏ కంపెనీది? ఎంత పడింది?" అని అడిగారు. అది ఏ కంపెనీదీ కాదు. హాస్టల్లో చేసింది. ఒక్క లైనులో చెప్తే సరిపోదు, పైగా ఇందులో నేను దాచిన విషయం కూడా ఒకటుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దదే అయింది, ఓపిక ఉంటే చదవండి.

మాది పాడేరు వైపు. నేను విశాఖలో మెకానికల్ మూడో సంవత్సరం. మా కాలేజీలో రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు చేసే క్లబ్ ఉంది. సెకండియర్‌లో చేరాను. మా విమానానికి ముందు తిరిగే ప్రొపెల్లర్ 10 బై 6. అంటే ఈ చివర నుంచి ఆ చివరకి 10 అంగుళాలు, ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం 6 అంగుళాలు ముందుకి పోవాలి. మాకు దింపడం సరిగ్గా రాదు. దిగిన ప్రతిసారీ ముక్కు నేలకి తగిలేది, ప్రొపెల్లర్ విరిగేది. కొత్తదానికి రెండు వందల పైనే, కొరియర్ వచ్చేసరికి వారం. నలుగురం డబ్బులు వేసుకునేవాళ్ళం. నా వాటా ఎప్పుడూ "వచ్చే నెల ఇస్తా"నే.

అప్పుడు ల్యాబ్‌లో ఎవరో సీనియర్ ప్రాజెక్టులో మిగిలిపోయిన కార్బన్ ఫైబర్ గుడ్డ, దారం కనబడ్డాయి. సార్‌ని అడిగితే "తీసుకో, ఏం చేశావో చూపించు" అన్నారు. ఉచితంగా వచ్చింది కదా అని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే డబ్బులు మిగుల్చుకోడానికి ఈ పని చేయకండి. అచ్చుకి, రెసిన్‌కి, పాడైపోయినవాటికి అయిన ఖర్చుతో పది ప్రొపెల్లర్లు కొనొచ్చు.

కార్బన్ గుడ్డని ప్రొపెల్లర్ ఆకారంలోకి తేవాలంటే అచ్చు కావాలి. అచ్చు కావాలంటే ముందు ఒక నమూనా కావాలి. కొన్న ప్రొపెల్లర్‌నే నమూనాగా పెట్టేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ మా దగ్గరున్నవన్నీ విరిగినవే. పైగా చెక్కతో మనమే చెక్కితే రెక్క వెడల్పు మనకి కావలసినట్టు పెట్టుకోవచ్చు అనిపించింది. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తూ లెక్కల కాగితం పట్టుకెళ్ళాను.

మా నాన్న కూలికి వెళ్తాడు. దాంతోపాటు ఊళ్ళో నాగళ్ళు, కాళ్ళు, తలుపులు చెక్కేది కూడా ఆయనే. నేను గీసుకొచ్చిన బొమ్మ చూసి "ఇదేట్రా, ఫంకా రెక్కా?" అన్నాడు. కాదు, విమానానికి అన్నాను. "మరి ఇంత మెలికెందుకు? లోపల నిటారుగా ఉంది, చివర పడుకుంది" అన్నాడు.

ఆ ప్రశ్న మా క్లాసులో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఫార్ములాలో వేసేశాను అంతే. రెక్కలో ప్రతి చోటూ ఒక చుట్టులో అదే 6 అంగుళాలు ముందుకి పోవాలి. నడుమకి దగ్గరగా ఉన్నది చిన్న చుట్టు తిరుగుతుంది కాబట్టి బాగా ఏటవాలుగా ఉండాలి. చివరిది పెద్ద చుట్టు తిరుగుతుంది కాబట్టి కొంచెం వాలు చాలు. నడుమ నుంచి అంగుళంపావు దూరంలో 37 డిగ్రీలు, రెండున్నర అంగుళాల దగ్గర 21, మూడు ముప్పాతిక దగ్గర 14. ఇలా చెప్తుంటే నాన్న మధ్యలోనే "కళ్ళంలో గుంజకి కట్టిన ఎడ్లలాగన్నమాట. లోపలి ఎద్దు ఉన్నచోటే తిరుగుతాది, బయటి ఎద్దు పరిగెత్తాలి, రెండిటికీ చుట్టు ఒకటే" అన్నాడు. నేను సెమినార్‌లో అదే చెప్పాను. అందరికీ అర్థమైంది.

పాత శుభలేఖల అట్టలు కత్తిరించి మూడు కోణాలకి మూడు కొలత ముక్కలు చేశాను. నాన్న గుమ్మడి టేకు ముక్క తీశాడు. తేలిక, వంకర పోదు, ఉలికి బాగా లొంగుతుంది. బాడిసతో పైపైన తీసి, ఉలితో చెక్కి, ఆఖర్న గాజు పెంకుతో గీకాడు. ప్రతి ఐదు నిమిషాలకీ అట్ట ముక్క ఆనించి వెలుగుకి పట్టి చూసేవాడు. సందులోంచి వెలుగు కనిపిస్తే ఆ చోట ఇంకొంచెం గీకడం. రెండు రోజులు పట్టింది. నేను చేసింది శాండ్ పేపర్ రుద్దడం, రంగు పూయడం.

చెక్క ఎంచేటప్పుడే ఒక మాట అన్నాడు. "నార ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉండాలి. నార అడ్డం తిరిగితే ములక్కాడలా విరుగుద్ది." నేను ఊ కొట్టాను. ఆ మాట నాకు నిజంగా అర్థమైంది తర్వాత, కార్బన్ పరిచేటప్పుడు.

తిరిగొచ్చాక అచ్చు. నమూనాని పిల్లలు ఆడుకునే బంకమట్టిలో సగం దాకా పూడ్చాలి, అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడి దాకా. రెక్క మెలి తిరిగింది కాబట్టి మట్టి అంచు కూడా దాంతో మెలి తిరగాలి. ఇదే అన్నిటికంటే విసుగు పని, నాకు మూడు రాత్రులు పట్టింది. దాని మీద మైనం పాలిష్ ఐదు పొరలు, ఆ పైన పీవీఏ పొర. ఇవి లేకపోతే నమూనా అచ్చుకి అతుక్కుపోతుంది, ఇక రాదు. తర్వాత ఎపాక్సీ, గ్లాస్ ఫైబర్ పొరలు. ఒక రోజు ఆగి, తిరగేసి, మట్టి తీసేసి, రెండో సగం. ఈ అచ్చు కోసం ఒకే కప్పులో నూట యాభై గ్రాముల ఎపాక్సీ కలిపేశాను. అది తనంతట తానే వేడెక్కి, పొగొచ్చి, ప్లాస్టిక్ కప్పు కరిగిపోయింది. రూమ్మేట్ బకెట్ నీళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కొంచెం కొంచెంగా కలుపుకోవాలని అప్పుడు తెలిసింది.

ఇక ప్రొపెల్లర్. రెండు సగాల్లోనూ పైపొరకి కార్బన్ గుడ్డని 45 డిగ్రీల ఏటవాలుగా పరిచాను, రెక్క మెలి తిరిగిపోకుండా పట్టేది అదే. లోపల మాత్రం దారం, ఈ చివర నుంచి నడుమ బెజ్జానికి రెండు పక్కల నుంచీ పోయి ఆ చివర దాకా తెగకుండా. ఎందుకంటే ఇది చూడండి: మా మోటారు నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే రెక్క చివర గంటకి దాదాపు 380 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఒక్కో రెక్క బరువు 6 గ్రాములే. కానీ ఆ తిరుగుడులో అది నడుమ నుంచి ఊడిపోవాలని లాగే బలం సుమారు 21 కిలోలు. హాస్టల్‌కి వచ్చే పాతిక కిలోల బియ్యం బస్తాకి కాస్త తక్కువ. ఆ బస్తాని పట్టుకోవలసింది ఆ దారాలే. నాన్న చెప్పిన నార ఇదే.

మొదటిది అచ్చులోంచి తీసినప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. నల్లగా, నిగనిగలాడుతూ. గోటితో నొక్కితే మాత్రం కొంచెం గాటు పడింది. రెండు రోజుల్లో గట్టిపడుతుందిలే అనుకున్నాను.

హాస్టల్ మేడ మీద ఒక చెక్కకి మోటారు బిగించి తిప్పాం. ఫస్టియర్ తమ్ముడు ఒకడు మీటరు పట్టుకున్నాడు. వైరు పొట్టిగా ఉందని పక్కనే నిలబడ్డాడు. మొదట సగం వేగంలో రెండు నిమిషాలు బాగానే తిరిగింది. రెండోసారి పూర్తిగా పెంచాను. ఠప్‌మని చప్పుడు. మోటారు చెక్కతో సహా ఎగిరి పడింది. ఒక రెక్క లేదు. వాడి చెవి పక్క నుంచి పోయి వెనకాల నీళ్ళ ట్యాంకుకి తగిలి గాటు పెట్టింది. మూరెడు దూరం. వాడు నవ్వుతూ "అన్నా, సూపర్" అన్నాడు. నాకు కాళ్ళు వణికాయి. వాడిది మా పక్క మండలమే, వాళ్ళ అమ్మ మొదటిరోజు వాణ్ణి దింపుతూ "బాబూ, మావోణ్ణి చూసుకో" అని నాతోనే చెప్పింది.

ఎవరికీ చెప్పొద్దని వాడికి చెప్పాను. అదీ తప్పే.

మర్నాడు ముక్కలు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాను. విరిగిన చోట కార్బన్ దారాలు చీపురు పుల్లల్లా పొడిపొడిగా బయటికి వచ్చున్నాయి. సార్ గోటితో గీకి "ఇది ఉడకలేదురా. హార్డెనర్ ఎంత వేశావు?" అన్నారు. మా రెసిన్ ఎల్‌వై 556, హార్డెనర్ హెచ్‌వై 951. బరువులో వందకి పది. నేను 20 గ్రాముల రెసిన్ తీసుకున్నాను, కాబట్టి 2 గ్రాముల హార్డెనర్. తూచింది వంటింటి త్రాసు మీద. దానికి గ్రాము కంటే చిన్నది తెలియదు. అది 2 అని చూపించినప్పుడు లోపల ఒకటిన్నర ఉండొచ్చు, రెండున్నర ఉండొచ్చు. పావు వంతు తేడా!

పైగా ఇంకో తెలివి. హార్బర్ దగ్గర ఫైబర్ పడవలు చేసేవాళ్ళని ముందు ఒకసారి చూశాను. చలిగా ఉంటే వాళ్ళు గట్టిపరిచే మందు కొంచెం ఎక్కువ వేస్తారు, తొందరగా గట్టిపడుతుంది. నేనూ రెండు చుక్కలు ఎక్కువ వేశాను. వాళ్ళది పాలిస్టర్ రెసిన్, అందులో ఆ మందు పనిని మొదలుపెట్టేది మాత్రమే. ఎపాక్సీలో హార్డెనర్ రెసిన్‌తో కలిసి తనే పదార్థంలో భాగమైపోతుంది. ఎక్కువైనా తక్కువైనా జత దొరకనిది లోపల మెత్తగా మిగిలిపోతుంది. వాళ్ళ తప్పేం లేదు, నేనే సగం చూసి వచ్చాను.

తర్వాత బంగారం తూచేలాంటి చిన్న త్రాసు కొన్నాను, గ్రాములో వందో వంతు చూపిస్తుంది. ప్రతిసారీ ఎంత తూచానో నోట్‌బుక్‌లో రాస్తున్నా. ఒక రోజు ఆరాక ప్రొపెల్లర్‌ని నా రేకు పెట్టెలో వేలాడదీసి, లోపల పాతకాలం 100 వాట్ల బల్బు వెలిగించి, థర్మామీటరు పెట్టి, 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతాను. పక్కనే కూర్చుంటాను, వదిలేసి మెస్‌కి వెళ్ళను. ఇప్పుడు గోరు దిగడం లేదు. నాలుగో తరగతిలో ఆశ్రమ పాఠశాలకి పట్టుకెళ్ళిన పెట్టె అది, ఇన్నాళ్ళకి ఓవెన్ అయింది.

బ్యాలెన్స్ చూడటం మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, కావిడి లెక్కే. బెజ్జంలో నున్నటి కడ్డీ దూర్చి, రెండు బ్లేడుల అంచుల మీద పెడితే బరువున్న రెక్క కిందకి దిగుతుంది. ఆ రెక్కని నీళ్ళతో తడుపుతూ కొంచెం కొంచెం రుద్దాలి. తడపకుండా రుద్దితే కార్బన్ పొడి గాల్లో లేస్తుంది, ఒళ్ళంతా దురద, ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి. హార్డెనర్ చర్మానికి తగిలి నా మణికట్టు మీద వచ్చిన దద్దుర్లు నెల రోజులు పోలేదు. తిప్పేటప్పుడు ఎవరూ పక్కన ఉండకూడదు. ఊడిన రెక్క ముందుకీ వెనక్కీ కాదు, పక్కకే పోతుంది.

నాలుగోది నిలబడింది. త్రాసు మీద లాగించి చూస్తే కొన్న ప్రొపెల్లర్ 780 గ్రాములు లాగింది, మాది 740. తక్కువే. కానీ బరువు 14 గ్రాములు, నేలకి తగిలినా రెండుసార్లు విరగలేదు.

దాంతోనే వేరే కాలేజీలో పోటీకి వెళ్ళాం. ప్రైజ్ రాలేదు. అక్కడ జడ్జిగా వచ్చిన ఒకాయన ప్రొపెల్లర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మాస్టర్ చాలా నీట్‌గా ఉంది. సీఎన్‌సీ మీద చేయించారా?" అని అడిగారు.

నేను "లేదు సార్, బయట ఒక కార్పెంటర్ దగ్గర చేయించాం" అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నా. మా నాన్న అంటే తర్వాత "ఏం చేస్తారు మీ నాన్న?" అని అడుగుతారు. దాని తర్వాత "ఏ ఊరు?" అని. దాని తర్వాత ఆ "ఓహో" ఉంటుంది కదా, మీకు తెలిసిందే. ఆయన అలా అనేవారని కాదు. మంచాయనే అనుకుంటా. కానీ నా నోరు ముందే తప్పించుకుంది. పక్కనున్న మా టీమ్ వాడు నా మొహం వంక చూశాడు. నాన్న చెక్కుతున్న ఫోటోలు వాడికి నేనే పంపాను.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

"ఎగిరిందా?"

"ఎగిరింది నాన్నా."

"అది ఎవులు చెక్కారని అడిగారా?"

"అడిగారు."

"ఏటన్నావు?"

"మా నాన్న చెక్కాడని చెప్పాను."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సర్లే, అన్నం తిను" అని పెట్టేశాడు.

రెండు నెలలైంది. నాన్నకి ఈ గ్రూప్ లేదు, చెల్లి ఉంది. చెల్లీ, ఇది నాన్నకి చదివి వినిపించు. ముందు నేనే ఫోన్ చేసి చెప్తాను, ఈ ఆదివారం. ఆ తర్వాత చదువు.

ఈసారి 11 బై 5 కావాలి. లావు అట్ట శుభలేఖలు ఉంటే పారేయొద్దని అమ్మకి చెప్పండి. నాన్న ఇప్పటికే చెక్క నీడలో ఆరబెట్టాడట. విశాఖలో ఉన్నవాళ్ళు ఎవరైనా అచ్చు చూడాలనుకుంటే ఆదివారం సాయంత్రాలు నా రూమ్‌కి రండి. మాస్క్ మీదే తెచ్చుకోండి, నా దగ్గర ఒక్కటే ఉంది.