బాల్టిమోర్ మైదానంలో మా మరిది గారి గోడు

అమెరికాలో పిల్లల దగ్గరికో, తోబుట్టువుల దగ్గరికో వెళ్ళే మనవాళ్ళు నయాగరా చూస్తారు, వాషింగ్టన్‌లో వైట్ హౌస్ ముందు ఫొటో దిగుతారు, గుడికి వెళ్ళొస్తారు. అదే వాషింగ్టన్‌కి గంట ప్రయాణంలో బాల్టిమోర్ అనే రేవు పట్నం ఉంది. అక్కడ ‘కామ్డెన్ యార్డ్స్’ అనే బేస్‌బాల్ మైదానానికి ఓ సాయంత్రం తప్పకుండా వెళ్ళండి. ఆట తెలీదే అంటారా? నాకు మాత్రం ఏం తెలుసు!

ఊరి నడిబొడ్డున, 1992లో తెరిచిన మైదానం ఇది. పక్కనే రైల్వే వాళ్ళ పాత గోడౌను, ఎర్ర ఇటుకలతో వెయ్యి అడుగుల పైచిలుకు పొడుగు. దాన్ని కూలగొట్టకుండా మైదానానికి ప్రహరీలా కలిపేసుకున్నారు. రెంటికీ మధ్య యూటా వీధి. ఆ వీధిలో తల పైకెత్తి కాదు, దించుకుని నడవాలి. నేలలో అక్కడక్కడా బంతి ఆకారంలో ఇత్తడి బిళ్ళలు పొదిగి ఉంటాయి. మన క్రికెట్‌లో సిక్సర్ ఎలాగో వీళ్ళకి హోమ్ రన్ అలాగ. ఆ బంతి వచ్చి ఈ వీధిలో పడితే, పడిన చోట కొట్టినవాడి పేరుతో బిళ్ళ వేస్తారన్నమాట.

అక్కడ క్రిస్ డేవిస్ అనే పేరు కనపడగానే మా మరిది గారు ఆగిపోయారు. మా చెల్లెలి భర్త ఆ ఊరి జట్టు ఓరియోల్స్‌కి వీరాభిమాని. “వదినా, మా డబ్బంతా తిన్న మహానుభావుడు ఈయనే” అని మొదలుపెట్టారు.

ఆయన గోడు ఏమిటంటే, ఈ డేవిస్ 2013లో 53 హోమ్ రన్‌లు కొట్టి జట్టు రికార్డు సృష్టించాడు. 2015లో మళ్ళీ 47. జనం నెత్తిన పెట్టుకున్నారు. 2016 జనవరిలో జట్టు వాళ్ళు ఏడేళ్ళకి 16 కోట్ల 10 లక్షల డాలర్లకి ఒప్పందం రాసిచ్చారు. అంతే, ఆట పడిపోయింది. 2018లో 470 సార్లు బ్యాటు పట్టి 79 హిట్లే కొట్టాడు. ఆ ఏడాది జట్టు 115 ఆటలు ఓడింది. అది చాలదన్నట్టు ఆ సెప్టెంబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా వరుసగా 54 సార్లు ఒక్క హిట్టూ లేదు. అదీ ఓ రికార్డే!

లోపల కూర్చున్నాక నేను టిక్కెట్టు వెనక లెక్క వేశాను. ఇంటి ఖర్చుల పద్దు రాసే చెయ్యి ఊరుకోదు కదండీ! ఏడాదికి సగటున 2 కోట్ల 30 లక్షల డాలర్లు, హిట్లు 79. అంటే ఒక్కో హిట్టు సుమారు 2 లక్షల 90 వేల డాలర్లు! గుండె గుభేలుమంది.

ఇంకా వినండి. బేస్‌బాల్‌లో ఇలా రాసిచ్చిన జీతం ఆడినా, ఆడకపోయినా ఇచ్చి తీరాలట. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్నట్టు. తుంటి ఆపరేషన్ అయ్యి 2021 ఆగస్టులో డేవిస్ ఆట మానేశాడు. అయినా వాయిదా వేసిన 4 కోట్ల 20 లక్షల డాలర్లు 2037 దాకా ఏటేటా అందుతాయి. “మా పిల్లాడు పెద్దవాడయ్యే దాకా ఆయన జీతం నడుస్తుంది” అని మరిది గారు నిట్టూర్చారు.

పాపం, ఆయన కోపం న్యాయమే. టిక్కెట్టుకీ, పార్కింగుకీ కొనేవాడికే తెలుస్తుంది నొప్పి. కానీ నాకొకటి అనిపించింది. కలం పట్టి సంతకం పెట్టింది జట్టు యజమానులు. ముప్ఫయ్యో ఏట అడుగు పెట్టబోతున్నవాడు ఏడేళ్ళపాటు అలాగే కొడతాడని నమ్మింది వాళ్ళు. నిన్నటి పంట చూసి రేపటి కౌలు రాసుకుంటే తప్పు నేలది ఎలా అవుతుంది? ఆడలేక అతనూ ఏం సుఖపడ్డాడు? 2019లో సొంత మైదానంలో సొంత జనమే గేలి చేశారు. ఆ ఏడాదే ఆయనా, భార్యా కలిసి మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పిల్లల ఆసుపత్రికి 30 లక్షల డాలర్లు విరాళమిచ్చారు. ఈ మాట చెబితే మరిది గారు కాసేపు మౌనంగా ఉండి, “అది మంచిపనే, కానీ హిట్టు కొట్టొచ్చుగా!” అన్నారు. అభిమానం అంటే అదే కాబోలు!

2023లో అదే జట్టు ఎక్కువమంది కుర్రాళ్ళతో, తక్కువ జీతాలతో 101 ఆటలు గెలిచింది. పేరుకి కట్టే డబ్బు వేరు, పనికి కట్టే డబ్బు వేరు అని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

అన్నట్టు, ఈ మైదానంలోకి బయటి తిండి రానిస్తారు. వెళ్ళే ముందు నిబంధనలు ఒకసారి కనుక్కోండి. నేను పులిహోర పట్టుకెళ్ళాను. నిమ్మకాయది కాకుండా చింతపండుదైతే మూడు గంటల ఆటకీ రుచి తగ్గదు. జీడిపప్పు బదులు వేరుశనగ పప్పు వెయ్యండి. ఖర్చూ తక్కువ, ఆట చూస్తూ నమలడానికీ బాగుంటుంది.