కొలరాడో నది వెంట ఐదు రోజులు

నలుగురూ కలిసి ప్రయాణం పెట్టుకుంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక ఉంటుంది. పిల్లలకు సాహసం కావాలి. పెద్దలకు కంటికి ఇంపైన చోటు కావాలి. ఏడాది పొడుగునా ఆసుపత్రి డ్యూటీలతో గడిపే మాబోటివాళ్ళకు ఒక్క రాత్రయినా గడియారం చూడకుండా తిరగాలని ఉంటుంది. ఈ మూడూ ఒకే యాత్రలో కలిసివచ్చే చోటు అమెరికాలో ఎక్కడని వెదికితే నెవాడా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దు కనిపించింది. హూవర్ డామ్, గ్రాండ్ కాన్యన్, లాస్ వేగస్ - ఈ మూడింటినీ ముడివేసేది ఒకే నది, కొలరాడో.

మే నెలాఖరులో అయిదు కుటుంబాలవాళ్ళం, పిల్లలతోనూ, ఇండియా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళతోనూ కలిపి మొత్తం పందొమ్మిది మందిమి ఒహాయో నుంచి బయలుదేరాం. మాలో ఆరుగురం డాక్టర్లం. గుంటూరులో చదివినవాళ్ళం కొందరం, విశాఖలో చదివినవాళ్ళం కొందరం. అందరి సెలవులూ ఒకే వారంలో కుదరడం పెళ్ళి ముహూర్తం కుదరడం కంటే కష్టమయింది. లాస్ వేగస్‌లో విమానం దిగి రెండు పెద్ద వాన్లు అద్దెకు తీసుకున్నాం. రైస్ కుక్కరు, చేగోడీల డబ్బా, మాగాయ సీసా మాత్రం ఇంటినుంచే వచ్చాయి. ఊరు చూడడం చివరికి దాచుకుని, ఆ రాత్రి పడుకుని, తెల్లవారగానే డామ్ వైపు సాగిపోయాం.

హూవర్ డామ్ లాస్ వేగస్‌కు గంటలోపు దూరం. 1931లో పని మొదలుపెట్టి 1935కల్లా ముగించారు. ఎత్తు 726 అడుగులు. అడుగున మందం 660 అడుగులైతే పైన 45 అడుగులే. పనిలో 96 మంది ప్రాణాలు పోయాయని అధికారుల లెక్క. దాన్ని చూసి నాగార్జునసాగర్ గుర్తుకురాని తెలుగువాడు ఉండడేమో! సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అది రాతికట్టడం, ఎత్తు సుమారు 407 అడుగులు. మాతో వచ్చిన పెద్దాయనది సాగర్‌కు దగ్గరి పల్లె. "ఇక్కడ యంత్రాలు మోశాయిరా అబ్బాయీ, అక్కడ మన మనుషులు నెత్తిన మోశారు" అని ఆయన చిన్నప్పుడు చూసిన రాళ్ళ తట్టలు, మట్టి దారులు, కూలీల గుడిసెలు పిల్లలకు వర్ణించి చెప్పారు. పిల్లలు అంతసేపు కదలకుండా తెలుగు వినడం మేము అదే చూడడం.

డామ్ వెనుక ఉన్న మీడ్ సరస్సు గట్ల మీద వెడల్పాటి తెల్లని చార కనిపిస్తుంది. ఒకప్పుడు నీరు అంతదాకా ఉండేదని దాని అర్థం. 1930ల్లో నింపిన తరువాత ఎన్నడూ లేనంత తక్కువకు, సముద్రమట్టానికి సుమారు 1,040 అడుగుల స్థాయికి, 2022 జూలైలో నీరు పడిపోయింది. లాస్ వేగస్ ప్రాంతం తాగే నీటిలో నూటికి తొంభై పాళ్ళు ఈ నదినుంచే పోతుంది. ఈ మాట చివరి రాత్రి మళ్ళీ గుర్తొస్తుంది, పాఠకులు మరిచిపోవద్దు.

డామ్ పాదం దగ్గర రబ్బరు పడవలెక్కి విల్లో బీచ్ దాకా సుమారు పన్నెండు మైళ్ళు నదిలో వెళ్ళాం. ఈ భాగాన్ని బ్లాక్ కాన్యన్ అంటారు. ఎడమ గట్టు అరిజోనా, కుడి గట్టు నెవాడా. రెండు పక్కలా నల్లని రాతి గోడలు. ఇక్కడ సుడులు, అలలు లేవు. ఈత రానివాళ్ళు కూడా తేలుడు జాకెట్టు కట్టుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు. ఎండ మాడ్చేస్తున్నా నీరు మాత్రం మంచుముక్కే! సరస్సు లోతుల్లోంచి వదిలే నీరు కనుక అది ఏడాది పొడుగునా 55 డిగ్రీల ఫారన్‌హీట్ ప్రాంతంలోనే ఉంటుంది. చెయ్యి పెట్టి అరిచినవాళ్ళే, కొంచెం ముందుకు వెళ్ళాక గట్టు రాళ్ళలోంచి కారే వేడినీటి బుగ్గను ముట్టుకుని మళ్ళీ అరిచారు.

మరునాడు గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు నాలుగున్నర గంటల ప్రయాణం. దారి పొడుగునా వెనుక సీట్లలో అంత్యాక్షరి సాగింది. ఘంటసాల పాటలకు పెద్దలు, కొత్త సినిమా పాటలకు పిల్లలు పోటీపడ్డారు. సాయంత్రం ఆరింటికి మాథర్ పాయింట్ చేరేసరికి రెండు వాన్లలోనూ ఒకేసారి మాట ఆగిపోయింది. ఆ అగాధం పొడవు 277 మైళ్ళు, వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్ళు, లోతు ఒక మైలు. కడప జిల్లాలో పెన్నానది కోసిన గండికోట లోయను చూసినవాళ్ళకు కొంత ఊహ అందుతుంది. ఆ ఊహను ఎన్నిరెట్లు పెంచాలో మాత్రం మేము చెప్పలేం. అంచున ఉన్న సున్నపురాయి వయస్సు 27 కోట్ల సంవత్సరాలు. అడుగున నది పక్కన కనిపించే నల్లరాయిది 170 కోట్ల సంవత్సరాలు. నది ఈ లోయను తొలిచింది మాత్రం గత యాభై, అరవై లక్షల ఏళ్ళలోనే అని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అంటారు.

ఆ అడుగున ఉన్న రాయి పేరు విష్ణు శిల! లోయ మధ్యలో గోపురాలలా లేచిన శిఖరాలకు విష్ణు ఆలయం, బ్రహ్మ ఆలయం, శివ ఆలయం అని పేర్లు. రామ మందిరం, కృష్ణ మందిరం అనేవి కూడా ఉన్నాయి. అక్కడ మనవాళ్ళు కట్టిన గుళ్ళేమీ లేవు. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతం మీద 1882లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ శిఖరాలను చూస్తే తూర్పుదేశాల ఆలయాలు స్ఫురించి, కొన్నిటికి అటువంటి పేర్లు పెట్టాడు. తరువాతివాళ్ళు అదే పద్ధతి సాగించారు. సూచన పలక మీద విష్ణు అని చదివిన ఎనిమిదేళ్ళ పాప, "బామ్మా, మన విష్ణువేనా?" అని అడిగింది. బామ్మగారు చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, అస్తమయపు వెలుగులో ఎర్రబడ్డ ఆ శిఖరానికి దణ్ణం పెట్టుకున్నారు. పక్కనున్న దొరలు ఒకరిద్దరు మర్యాదగా తప్పుకుని చోటిచ్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ జరిగింది. కుర్రవాళ్ళు నదిదాకా దిగి అదేరోజు తిరిగి రావాలన్నారు. అలా చేయవద్దని పార్కువారు ఎక్కడికక్కడ బోర్డులు పెట్టారు. కొండ ఎక్కడమైతే అలసినవాడు వెనక్కు తిరిగితే దిగడమే. ఇక్కడ అంతా తలకిందులు. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, అలసిపోయాక ఎక్కుడు మొదలవుతుంది. ఎండెక్కే వేళకు లోపల వేడి అంచుకన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి కేటాయించుకోవాలని అక్కడి లెక్క. 1869లో ఒంటిచేతి సైనికుడు జాన్ వెస్లీ పావెల్ పడవలమీద ఈ నది పొడుగునా వెళ్ళాడని కుర్రవాళ్ళు వాదించారు. ఆయనకు మూడు నెలలు పట్టిందని మేము జవాబిచ్చాం. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఉదయం అయిదింటికి బయలుదేరడం, ఏడున్నరకు ఎవరెక్కడ ఉంటే అక్కడినుంచి వెనుదిరగడం, మూడో మైలు విశ్రాంతి గృహం దాటకపోవడం.

బ్రైట్ ఏంజెల్ కాలిబాట మలుపులు తిరుగుతూ దిగుతుంది. కంచరగాడిదల వరుస వస్తే గోడవైపు ఒదిగి నిలబడాలి. మూడు మైళ్ళలో సుమారు 2,100 అడుగులు దిగాం. అక్కడినుంచి కింద పచ్చని చెట్ల గుంపు కనిపిస్తుంది. దాని పేరు హవసుపాయి గార్డెన్స్. అక్కడ నివసించి సాగుచేసుకున్న హవసుపాయి జాతివారిని పార్కువారు వెళ్ళగొట్టారు. వారి పేరును ఆ చోటుకు 2022లో పెట్టారు. కుర్రవాళ్ళు ఆ చెట్లవైపు ఆశగా చూశారు, మేము గడియారంవైపు చూశాం. అందరం వెనుదిరిగాం.

ఎక్కుతున్నప్పుడు మాలో ఒకాయన వెనుకబడ్డాడు. తలనొప్పి, వికారం, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుంది. ఎండదెబ్బ అనుకుని ఒకరు మరో నీళ్ళ సీసా అందించబోయారు. అసలు సంగతి విచారిస్తే, ఆయన తెల్లవారుజామునుంచి ఏమీ తినలేదు, నాలుగు గంటల్లో అయిదు లీటర్ల నీళ్ళు తాగాడు, దారిలో మూత్రానికి పదేపదే ఆగాడు. ఇది ఒంట్లో నీరు తగ్గడం కాదు. నీరెక్కువై రక్తంలో సోడియం పలచబడడం. ఈ కాన్యన్‌లో నడిచేవాళ్ళలో వైద్యులు తరచుగా చూసిన జబ్బే ఇది. ముదిరితే మనిషికి తెలివి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఇంకా నీరు పొయ్యడం విషమే. మైలున్నర విశ్రాంతి గృహం నీడలో ఆయన్ను కూర్చోబెట్టి, నీళ్ళు ఆపి, ఉప్పు జల్లిన జీడిపప్పు, చేగోడీలు పెట్టాం. మాట తడబడినా, వాంతులు మొదలైనా వెంటనే రేంజర్లను పిలవాలని నిర్ణయించుకుని ఇద్దరం పక్కనే కూర్చున్నాం. ఆయన భార్య మాటిమాటికీ పిల్లల పేర్లు, ఇంటి నంబరు అడిగి జవాబులు సరిచూసుకుంటూ ఉంది. రెండు గంటలకు తలనొప్పి తగ్గింది. రోగులకు ఉప్పు మానమని రోజూ చెప్పే గుండె డాక్టరుగారు చేగోడీల పొట్లం మొత్తం ఖాళీ చేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరం అంచు మీదికి చేరుకున్నాం. అదే నది ఒడ్డున జరిగి ఉంటే, పైకి ఇంకా దాదాపు ఎనిమిది మైళ్ళు మండుటెండలో ఉండేవి.

ఆ రాత్రి అంచున దుప్పట్లు పరుచుకుని చుక్కలు చూశాం. చీకటిని కాపాడే పార్కుగా దీనికి 2019లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. పాలపుంత మా పల్లెల్లో డాబాల మీద పడుకున్నప్పటిలాగే కనిపించింది.

మరునాడు సాయంత్రానికి లాస్ వేగస్. చుక్కలు పోయి దీపాలు వచ్చాయి! నెవాడాలో జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931లో, అంటే డామ్ పని మొదలైన ఏడే. పాత ఊళ్ళో ఫ్రీమాంట్ వీధి 1925లో ఇక్కడ మొట్టమొదట తారువేసిన వీధి. ఇప్పుడు దానిమీద పందిరిలా కమ్మిన తెరపై రంగుల బొమ్మలు పరుగులు తీస్తాయి. కింద బాజాలు, గాయకులు, చిత్రమైన వేషాలు. మన తీర్థానికి విద్యుత్తు పెట్టినట్టుంది. పెద్దాయనకు ఆ వీధే నచ్చింది. బామ్మగారికి 1998లో తెరిచిన బెల్లాజియో హోటల్ ముందరి నీటి చిమ్ములు నచ్చాయి. పాటకు తగ్గట్టు నీరు నాట్యమాడుతుంటే ఆవిడ నాలుగుసార్లు చూసి, "ఎడారిలో ఇంత నీరు ఎలా పారబోస్తారమ్మా?" అన్నారు. ఆ చెరువుకు హోటల్ సొంత బావి నీరు వాడతారనీ, ఊరివాళ్ళు ఇళ్ళలో వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి మీడ్ సరస్సులోకే పంపుతారనీ చెప్పాం. మేము మాత్రం ఆ తెల్లని చారను తలచుకున్నాం.

జూదం గదుల్లో ఇరవైఒక్క ఏళ్ళు నిండనివాళ్ళను నిలవనివ్వరు. అందుచేత వంతులవారీగా పిల్లలదగ్గర ఉన్నాం. ఒక్కొక్క కుటుంబం నలభై డాలర్లు కవరులో పెట్టుకుని, అది అయిపోతే లేచిరావాలని ముందే అనుకున్నాం. అమెరికా రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి. ఒక అంకె మీద గెలిస్తే ఇచ్చేది 35 రెట్లు మాత్రమే. లెక్కవేస్తే కాసిన ప్రతి వంద డాలర్లలోనూ సగటున అయిదు డాలర్ల ఇరవై ఆరు సెంట్లు ఇంటివాడివే. అయిదు కవర్లలో నాలుగు ఖాళీ అయ్యాయి. అయిదోది గుండె డాక్టరుగారి భార్యది. ఆవిడ పన్నెండు డాలర్లు గెలిచి, వెంటనే లేచి, అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. రాత్రి రెండింటికి, గడియారాలు చూడకుండానే, వీధి మధ్య నిలబడి తిన్నాం.

వెళ్ళదలచిన మన సభ్యులకు కొన్ని మాటలు. కాన్యన్‌లో బస దొరకాలంటే నెలల ముందే చెప్పి ఉంచుకోవాలి. అరిజోనా వేసవిలో గడియారం ముందుకు జరపదు కనుక ఆ నెలల్లో నెవాడాకూ దానికీ ఒకే టైము. పెద్దవాళ్ళు అంచు వెంట తిరిగే ఉచిత బస్సులో కూర్చునే చాలా చూడవచ్చు. నడిచేవాళ్ళు నీళ్ళతోపాటు ఉప్పగా ఉండే తిండి తప్పక పట్టుకెళ్ళండి, దాహమైనప్పుడే తాగండి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరగాలో పైన ఉన్నప్పుడే అందరూ కూర్చుని తేల్చుకోండి. దిగాక ఆ మాట తేలదు. కుర్రవాళ్ళు మాత్రం వచ్చేసారి లోయలో ఒక రాత్రి బసచేసి నది చూసి తీరాలంటున్నారు. దానికి పార్కువారి అనుమతి కావాలి. ఆ దరఖాస్తు పని వాళ్ళకే అప్పగించాం.