గంగవరం చలికి గ్లౌజు మీద గ్లౌజు

చిత్తూరు జిల్లాలో చలేంటి అంటారా? డిసెంబరులో తెల్లారి ఆరింటికి గంగవరంలో బండి తీయండి, తెలుస్తుంది. పలమనేరు పక్కనున్న ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పుంగనూరు, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్ ఎక్కితే 1,265 మీటర్లు. ఆ ఎత్తుకే ఇంకో మూడు డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు బండి మీద ఎదురుగాలి!

ముందు మొద్దుబారేది వేళ్లే. ఉన్ని గ్లౌజులు షాపులో వెచ్చగానే ఉంటాయి. రోడ్డెక్కితే అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది. మంచులో ఎదురుగా టమాటా లారీ వస్తే అర సెకనూ ఎక్కువే. అందుకే నేను లోపల పలచటి ఉన్నివి, పైన గాలి చొరబడని రైడింగ్ గ్లౌజులు వేస్తా. పైవి ఒక సైజు పెద్దవి తీసుకోండి, బిగుతైతే రక్తం సరిగా ఆడదు. షాపులోనే రెండూ తొడిగి పిడికిలి బిగించి చూడండి.

ఒంటికీ అంతే. ఒక్క లావు స్వెట్టరు కన్నా బనియను, ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు, పలచటి స్వెట్టరు, పైన విండ్‌చీటరు మేలు. వేడిని ఆపేది పొరల మధ్య గాలే. ఎండెక్కాక ఒక్కోటి తీసేయొచ్చు.

మా అవ్వ మంకీ క్యాప్ ఇస్తుంది. హెల్మెట్‌లో ఇమడదు. కొండ మీద టీ తాగేటప్పుడు మాత్రం అదే పెట్టుకుంటా.