టోపీకీ ఒక తల కావాలి

తపాలా బిళ్ళలు దాచేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. టోపీలు దాచేవాళ్ళు ఎందరుంటారో! మా ఇంట్లో తొమ్మిది టోపీలున్నవి. వాటిలో మూడు మా తాతగారివి. ఆయన నిజాం కాలంలో కచేరీకి పెట్టుకు వెళ్ళిన ఎర్రని రూమీ టోపీ ఒకటి, ఎండలో పొలాలు కొలవబోయేటప్పుడు పెట్టుకున్న బెండు టోపీ ఒకటి, తరవాతి రోజుల ఖద్దరు టోపీ ఒకటి.

తల లేని టోపీ తనంతట తానే కుంగిపోతుంది. రూమీ టోపీ నేసిన గుడ్డ కాదు. ఉన్ని పోగులను వేడినీళ్ళతో తడిపి, నలిపి, ఒకదానిలో ఒకటి చిక్కుపడేటట్టు చేస్తే ఫెల్టు అవుతుంది. దానిని ఇత్తడి అచ్చుకు తొడిగి, వేడిగా నొక్కి ఆకారం తెప్పిస్తారు. మళ్ళీ తడిసిందా, ముడుచుకుపోతుంది. అందుచేత దానిని ఉతకరాదు. లోపల ఉతికిన పాత తెల్లగుడ్డను వదులుగా ఉండచుట్టి పెట్టండి. వార్తాపత్రిక మాత్రం కుక్కకండి. సిరా అంటుతుంది, ఆ కాగితంలోని ఆమ్లం గుడ్డను పసుపుపచ్చగా చేస్తుంది.

బెండు టోపీని ఇంగ్లీషువాళ్ళు సోలార్ టోపీ అన్నారు. ఎండకు పెట్టుకునేది గనక సూర్యుడి పేరే అనుకుంటారు చాలామంది. కాదు! షోలా అనే నీటిమొక్క బెండుతో చేస్తారు గనక ఆ పేరు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. కాని ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ పైకి రాదు. మేము దానిని బోర్లించిన గిన్నెమీద గుడ్డ కప్పి, అంచు ఎక్కడా ఆనకుండా నిలబెట్టాము.

ఇక శత్రువు సంగతి. ఉన్నిని కొరికేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. చెమట, నూనె అంటిన చోటంటే దానికి మరీ ఇష్టం. మా తాతగారి రూమీ టోపీ లోపల చుట్టూ తలనూనె మరక ఉన్నది. డ్రైక్లీనింగుకు ఇద్దామన్నది మా పిన్ని. "నాన్న తల ఆనిన చోటు అదొక్కటే మిగిలింది, దాన్ని కూడా తుడిచేస్తావా?" అన్నది మా అమ్మ. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు! నేను అమ్మ పక్షమే. కాని మరక ఉంచినందుకు మాకొక పని పడింది. నెలకొకసారి టోపీ బయటికి తీసి, మెత్తని బ్రష్షుతో దులిపి, మడతలన్నీ వెతుకుతాము.

పురుగు కనబడితే? ఫెల్టు టోపీని పాలిథీన్ సంచిలో మూతికట్టి, ఫ్రీజరులో రెండు వారాలు ఉంచవచ్చు. మ్యూజియములలోనూ ఇలా చలితో పురుగును చంపుతారు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. తొందరపడితే టోపీమీద తేమ పడుతుంది. ఆ సంచిలోనే దాచేస్తే మాత్రం వానాకాలంలో బూజు పడుతుంది. కలరా ఉండలు మేము వాడము. వాటి ఆవిరి చిన్నపిల్లలకు మంచిది కాదు. కొందరికి రక్తంలోని ఎర్రకణాలు చితికిపోతాయి.

ఖద్దరు టోపీ అన్నిటికన్నా సుఖం. గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, పరచి పెడితే చాలు. గంజి ఉంటే పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు వస్తవి.

ప్రతి పెట్టెలోనూ పెన్సిలుతో రాసిన చీటీ ఉన్నది: ఎవరిది, ఎప్పటిది అని. గుండుసూదితో గుచ్చలేదు, తుప్పు పడుతుందని. రూమీ టోపీ ఎక్కడ కొన్నారో ఇంకా రాయవలసి ఉన్నది. అమ్మ ఒక అంగడి పేరు చెబుతున్నది, పిన్ని మరొకటి చెబుతున్నది.