నర్సింగ్ స్కూలు లెక్కలు

ఇర్వింగ్, టెక్సస్, 2024

ఆగస్టు 17, శనివారం

మధ్యాహ్నం నేను పనిచేసే వృద్ధుల కేర్ హోంలో మలయాళీ నర్సు చేచీ (అంటే అక్క) మందుల బండి తోసుకుంటూ వెళ్తుంటే కాసేపు వెనకాలే నడిచాను. ప్రతి గది ముందూ ఆగుతుంది. తెర మీద పేరు చూసి, మనిషి మణికట్టుకున్న పట్టీ చూసి, అప్పుడు మాత్ర తీస్తుంది. మింగలేని ముసలివాళ్లకి పొడి చేసి చెంచాడు యాపిల్ సాస్‌లో కలిపి పెడుతుంది. ఒక మాత్ర మాత్రం పొడి చేయకుండా పక్కన పెట్టింది. అది రోజంతా కొద్దికొద్దిగా కరగాల్సిన మాత్రట. నలిపేస్తే డోసు మొత్తం ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. డాక్టరుకి ఫోన్ చేసి వేరే మందు రాయించుకుంది.

నేను సీఎన్ఏని, సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్‌ని. లేపి కూర్చోబెట్టడం, స్నానం, తిండి, పక్క మార్చడం నా పని. మందు ముట్టుకోకూడదు. చేచీ ఎల్‌వీఎన్, లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు. వేరే రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అంటారు. ఏడాది చదువు, తర్వాత ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష, లైసెన్సు. "గ్రీన్ కార్డు వచ్చేసిందిగా, ఇంకా దేనికి చూస్తున్నావ్?" అని అడిగింది. నా దగ్గర జవాబేమీ లేదు.

ఆగస్టు 27, మంగళవారం

ఎల్‌వీఎన్ కోర్సు కోసం హైవే పక్కన అద్దాల బిల్డింగులో ఉన్న ప్రైవేటు స్కూలుకి వెళ్లొచ్చాను. అడ్మిషన్ల అమ్మాయి నోరు తీపి. కాఫీ ఇచ్చింది, బొమ్మకి ఇంజక్షన్ ఇచ్చే గది చూపించింది. "పదమూడు నెలల్లో అయిపోతుంది, రెండే సీట్లున్నాయి, ఇవాళ సంతకం పెడితే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ" అంది. మొత్తం ఫీజు అడిగితే వారానికి ఎంత పడుతుందో చెప్పింది. మళ్లీ అడిగాను. 31,000 డాలర్లు. పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజు అందులోనే అట.

మన ఊళ్లో చీరల షాపువాడు కూడా ముందు అసలు ధర చెప్తాడు, డిస్కౌంటు మాట తర్వాత.

అడిగినవి ఇంకో రెండు. ఇక్కడి క్రెడిట్లు తర్వాత రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్ చదవాలంటే వేరే కాలేజీలో చెల్లుతాయా? "అది ఆ కాలేజీని బట్టి." పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు? "కనుక్కుని మెయిల్ చేస్తాను." సంతకం పెట్టకుండా వచ్చేశాను.

సెప్టెంబరు 4, బుధవారం

ఆ మెయిల్ రాలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ పెట్టిన పట్టికలు చూశాను. ప్రతి స్కూలు నుంచి ఎంతమంది మొదటిసారి ఎన్‌క్లెక్స్ రాశారో, ఎంతమంది పాసయ్యారో ఏడాదివారీగా ఉంది. 80 శాతానికి తగ్గకూడదని బోర్డు నియమం. ఈ చదువుకి డబ్బు పెట్టేవాళ్లు ముందు చూడాల్సిన కాగితం ఇదే. బ్రోషర్లు ఆ తర్వాత.

అయితే ఇందులోనూ ఒక కిటుకుంది. పాస్ శాతం పరీక్ష రాసినవాళ్లది మాత్రమే. తడబడుతున్నవాళ్లని ముందే ఫెయిల్ చేసి ఇంటికి పంపేస్తే శాతం కళకళలాడుతుంది. మధ్యలో మానేసినవాళ్లు కట్టిన ఫీజు ఏ పట్టికలోనూ కనపడదు. అందుకే ఇక్కడి కమ్యూనిటీ కాలేజీకి ఫోన్ చేసి, ఎంతమంది పూర్తిచేశారన్న అదే ప్రశ్న వేశాను. కోఆర్డినేటర్ నసగలేదు. నలభైమంది చేరితే ఇరవైతొమ్మిది మంది బయటపడ్డారట. మిగతావాళ్లలో ఎక్కువమంది చదువురాక కాదు, ఉద్యోగం చేస్తూ తెల్లవారుజామున ఆసుపత్రి శిక్షణకి, అంటే క్లినికల్స్‌కి రాలేక మానేశారంది. తియ్యగా ఏం లేదు గానీ, నమ్మకం కుదిరింది.

సెప్టెంబరు 15, ఆదివారం

తెనాలి నుంచి అమ్మ ఫోన్. "బీకాం చదివించింది మంచాలు సర్దడానికా? ఇప్పుడు దానికి మళ్లీ ఫీజా?" నాన్న పక్షవాతంతో పడున్న ఆఖరి నెలల్లో గుంటూరు ఆసుపత్రిలో రాత్రంతా మేలుకున్నది ఎవరని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామిడికాయ పచ్చడి ఎవరిచేత పంపాలన్న సంగతికి వచ్చింది.

అక్టోబరు 8, మంగళవారం

ఫెడరల్ విద్యాసాయం కోసం ఫాఫ్సా దరఖాస్తు నింపాం. గ్రీన్ కార్డు ఉంటే అర్హత ఉంది, హెచ్4 డిపెండెంట్ వీసాలో ఉన్నన్నాళ్లూ లేదు. ఈ ఏడాది పెల్ గ్రాంటు గరిష్ఠం 7,395 డాలర్లు. కానీ డిగ్రీ ఉన్నవాళ్లకి పెల్ లేదు, ఆ డిగ్రీ వేరే దేశానిదైనా సరే. నాగార్జున యూనివర్సిటీ పట్టా ఇక్కడ ఏ ఉద్యోగానికీ పనికిరాలేదు, గ్రాంటు ఆపడానికి మాత్రం పనికొచ్చింది. డిగ్రీ లేదని రాసేయమని ఒకావిడ సలహా ఇచ్చింది. అది అబద్ధపు కాగితం. సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాల్సినవాళ్లం ఆ పని చేస్తామా?

నాతో పనిచేసే ఘానా అమ్మాయి ఒంటరి తల్లి, డిగ్రీ లేదు. ఆమెకి పెల్ వచ్చింది. మిగిలిన ఫీజు వర్క్‌ఫోర్స్ ఆఫీసు వాళ్లు వియోవా అనే ఫెడరల్ ఉద్యోగ శిక్షణ నిధుల నుంచి నేరుగా స్కూలుకే కడుతున్నారు. వాళ్ల జాబితాలో ఉన్న స్కూలైతేనే ఇస్తారట. మా ఆయన జీతంతో మాకు అది రాదు. రాకపోవడమే న్యాయం.

అక్టోబరు 20, ఆదివారం

వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి కూర్చున్నాం. కమ్యూనిటీ కాలేజీకి పుస్తకాలతో కలిపి 9,000 చిల్లర. మేము ఈ కౌంటీలోనే ఉన్నాం కాబట్టి తక్కువ రేటు. ప్రాపర్టీ టాక్స్ బిల్లులో కాలేజీ డిస్ట్రిక్ట్ అని ఉండే వరసని ఇన్నేళ్లూ తిట్టుకుంటూ కట్టాం, ఇప్పుడు అదే పనికొచ్చింది.

ఫెడరల్ లోను మొదటి ఏడాదికి 9,500 వరకు తీసుకోవచ్చు. వడ్డీ 6.53 శాతం. సబ్సిడీ లేని భాగానికి చదువుతుండగానే వడ్డీ పడుతూ పోతుంది. మాకొచ్చేది ఆ భాగమే.

ఈయన పెన్ను పక్కన పెట్టి, "అసలు ఖర్చు రాయలేదు" అన్నారు. నా జీతం. గంటకి 18 డాలర్లు, వారానికి 24 గంటలు, ఏడాదికి 22,000 దాటుతుంది. ఫీజుకి రెండింతలకి పైనే. ఏ స్కూలువాడూ ఈ అంకె చెప్పడు. క్లినికల్స్ ఉన్న రోజుల్లో డ్యూటీ కుదరదు, శని ఆదివారాలు చేస్తే సగం నిలబడుతుంది. కొత్త కారు ఆలోచన మానేశాం. లోను వద్దు, నెలవారీ వాయిదాల్లో కడదాం అనుకున్నాం. కాలేజీకి కట్టిన ఫీజులో 20 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద టాక్స్‌లో తగ్గుతుంది. అది 2026 మొదట్లో మాట. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసుకోకూడదు.

నవంబరు 22, శుక్రవారం

కమ్యూనిటీ కాలేజీలో సీటు వచ్చింది! వెంటనే ఇంకో చాంతాడు జాబితా కూడా: వేలిముద్రలు, డ్రగ్ టెస్ట్, టీబీ పరీక్ష, సీపీఆర్ కార్డు, టీకాలు. హెపటైటిస్ బీ మామూలుగా మూడు డోసులు, ఆరు నెలలు. అన్నాళ్లాగితే క్లినికల్స్ తప్పిపోతాయి. ఫార్మసీలో అడిగితే నెల తేడాతో రెండు డోసుల్లో అయ్యే టీకా ఉందన్నారు. ఒకటి వేయించుకునే వచ్చాను. చేరబోయేవాళ్లకి ఎవరూ ముందు చెప్పని సంగతి ఇది. సీటు వచ్చేదాకా ఆగకుండా టీకాలు మొదలుపెట్టుకోవాలి.

డిసెంబరు 6, శుక్రవారం

మొదటి వాయిదా కట్టాను. కార్డుకైతే అదనపు ఛార్జీ ఉందని బ్యాంకు నుంచే పంపాను. జనవరి నుంచి వారాంతాల్లోనే వస్తానని డ్యూటీలు వేసే ఆవిడకి రాసిచ్చాను. క్లాసులు జనవరి 13న మొదలు.